మునిగిన ఓడ చూసొచ్చిన మా అత్త

మా అత్త పోయిందన్న సంగతి నాకు పడవలో తెలిసింది. గోవా సముద్రంలో ఎప్పుడో మునిగిపోయిన పాత ఓడ ఒకటుంది. దాన్ని చూడాలని వచ్చిన వాళ్ళను కిందికి తీసుకుపోయి, పైకి తెచ్చి, వీపు మీది గాలి సిలిండరు దించుకుంటాండగా ఫోను మోగింది. ఆదోని నుంచి మా ఆయన. "అమ్మ పోయింది. పొద్దున పాలు కాంచింది, కుర్చీలో కూర్చునింది, అంతే" అన్నాడు. తడి బట్టలతోనే పడవ అంచున కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చింది కోపం. ఆమెకూ నాకూ తేలని తగాదాలు ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటినీ సగంలో వదిలేసి తన దారిన తాను పోయింది.

ఈ మాట చదివి మీరు నొచ్చుకోవచ్చు. పోయిన మనిషి గురించి ఇట్లనా రాసేది అని. కానీ మా అత్తను శాంతమూర్తి అని రాస్తే ఆమెను ఎరిగినవాళ్ళు నవ్వుతారు. ఆదోనిలో మా వీధి మొత్తానికి ఆమె నోరంటే భయం. భర్త చిన్న వయసులోనే పోతే, పత్తి మిల్లులో కూలికి పోయి కొడుకును పెంచింది. మిల్లు రొదలో అరిచి అరిచి మాట్లాడడం అలవాటై, ఇంట్లో ఉప్పు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉండేది.

నాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని పొద్దంతా నేసేవాడు. నేను మాత్రం స్కూలు ఎగ్గొట్టి కాలువలో ఈదేదాన్ని. ఈత పుణ్యాన స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఆ తర్వాత గోవాలో సముద్రం కింద మునిగే శిక్షణ, చివరికి అదే ఉద్యోగం. వచ్చిన వాళ్ళను మునిగిన ఓడ దగ్గరికీ, కొన్నిసార్లు మురుడేశ్వరం అవతల నేత్రాణి దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బల దగ్గరికీ తీసుకుపోయి క్షేమంగా పైకి తేవడం నా పని. వానాకాలం సముద్రం మూసేస్తారు. ఆ నెలలు ఇంట్లో, మిగతా కాలం ఆడ.

పెళ్ళిచూపుల నాడే మొదలైంది మా ఇద్దరికీ.

"నీళ్ళలో మునిగి ఏం తెస్తావు?" అని అడిగింది.

"ఏమీ తేకూడదత్తా. చూసి రావడమే."

"ఏమీ తేకుండా వచ్చేకి అంత దూరం పోవల్నా?"

"చూసేదానికి పోవల్ల."

"నోరుంది దీనికి" అనింది కొడుకు వైపు తిరిగి. నన్నే చేసుకుంటానని ఆయన పట్టుబట్టకపోతే ఆ సంబంధం ఆ పూటే తెగిపోయేది.

పెళ్ళయినాక, కోడలు గోవాలో ఆడపిల్లల హాస్టలు వార్డెను అని వీధంతా చెప్పి పెట్టింది. సముద్రంలో వేసుకునే నా నల్ల రబ్బరు డ్రెస్సు మిద్దె మీద ఆరేస్తే, దాని పైన దుప్పటి కప్పి వచ్చేది. ఒక వానాకాలం నా ఫిన్స్ కనపడలేదు. కాళ్ళకు తొడుక్కొని చేపలాగా ఈదే రబ్బరు రెక్కలు అవి. ఇల్లంతా వెతికి అడిగితే, పొయ్యి కాడ్నుంచి లేవకుండానే చెప్పింది.

"పాతసామాన్లోడికి ఇచ్చినా. ఎర్రగడ్డలు పోసినాడు."

"నా బతుకుదెరువు అది అత్తా."

"దాంతో ఏం వండల్ల? ఎర్రగడ్డలైతే వండుకోవచ్చు."

ఆ ఉల్లిపాయల కూర నేను ముట్టనన్నాను. "తినాకు. మాకు మిగుల్తుంది" అనింది. అనడమే కాదు, నా ఎదురుగా కూర్చొని రెండోసారి వడ్డించుకొని తినింది. నేను వీధులన్నీ తిరిగి ఆ బండివాణ్ణి పట్టుకున్నాను. ఒక్క ఫిన్ దొరికింది. రెండోది అప్పటికే ఎవరో కొనుక్కుపోయినారంట. ఆ ఒంటి ఫిన్‌ను తెచ్చి ఆమె మంచం పక్కన గోడకు మేకు కొట్టి తగిలించినాను. ఆమె తీయలేదు, నేనూ తీయలేదు. ఇంటికి వచ్చినోళ్ళు ఇదేందని అడిగితే "విసనకర్ర" అనేది.

ఆమె గోవాకు రావడం కూడా కొట్లాటకే. ఎవరో యాత్రికులు తీసిన వీడియో, ఫోన్లు మారి మారి మా వీధికి చేరింది. రబ్బరు డ్రెస్సులో, మాస్కుతో, నీళ్ళ కింద నేను. హాస్టలు వార్డెను బాగుందే అని కొళాయి కాడ ఆడవాళ్ళు నవ్వినారంట. మరుసటి వారం మా ఆయన్ను వెంటబెట్టుకొని గుంతకల్లులో గోవా రైలెక్కి వచ్చేసింది. దిగీదిగంగానే అనింది.

"నలుగుర్లో నన్ను అబద్ధాలకోరును చేసినావు. ఆ పనేందో నా కండ్లతో సూడల్ల."

పడవలో కూర్చొని చూస్తుందేమో అనుకున్నాను. కాదు, కిందికి దిగుతానంటాది. తుంగభద్ర ఒడ్డున నందవరం పక్కన పుట్టిన మనిషి, చిన్నప్పుడు ఏట్లో ఈదిందంట. ఆ సంగతి మా ఆయనకు కూడా అప్పుడే తెలిసింది. డాక్టరు బీపీ చూసి, గుండె విని సరేనన్నాడు. నేను మాత్రం సరేనని అనలేదు.

"నీకు భయమా?" అనింది.

"నాకు కాదు. నువ్వు సెప్పిన మాట వినవు. నీళ్ళ కింద వినకపోతే సస్తారు."

"నీ మాట నేను పైన వింటిన్నా, కిందనన్నా వినేకి?"

చీర విప్పి రబ్బరు డ్రెస్సు వేసుకోవడానికి పడవలో చాటు లేదు. నేను దుప్పటి పట్టుకొని నిలబడినాను. లోపల్నుంచి నన్నూ, ఆ డ్రెస్సు కుట్టినవాణ్ణీ, వాడి తల్లినీ తిడతానే వేసుకునింది. లోతు తక్కువున్న చోట నోట్లో గొట్టం పెట్టించి గాలి పీల్చడం నేర్పించినాను. నీళ్ళ కింద మాటలుండవు, చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. వేళ్ళు సున్నా చుడితే అంతా బాగుందని.

"బాగుందని సెప్పేకి ఉంది. బాగలేదని సెప్పేకి?"

అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపి చూపించినాను. అదొక్కటి గుర్తు పెట్టుకునింది.

గోవా నీళ్ళు సినిమాల్లో మాదిరి తేటగా ఉండవు. పచ్చగా, మసగ్గా, దగ్గరికి పోతేగానీ ఏదీ కనపడదు. ఆమె రొమ్ము మీది పట్టీ పట్టుకొని మెల్లగా దించినాను. చారల చేపల గుంపు ఒకటి మా మీదుగా పోయింది. ఆమె చెయ్యి చాపి ఊపింది, బాగలేదని. చెవి నొప్పా అని చూపించి అడిగితే కాదంది. ఊపిరా అంటే కాదంది. మరేందని అడిగితే వేలు నా వైపు చూపించి, మళ్ళీ అరచెయ్యి ఊపింది. నేనే బాగలేదని. సముద్రం అడుగున కూడా నాతో తగాదాకే వచ్చింది మహాతల్లి.

తర్వాత ఆ మసకలోంచి ఓడ బయటపడింది. ఒక పక్కకు ఒరిగిన ఇనుప గోడలు, వాటి మీద పట్టిన పగడాలు, నాచు, కంతల్లోంచి తొంగిచూసే చేపలు. మా అత్త చెయ్యి ఊపడం మానింది. సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టు ఆ ఇనుమును వేళ్ళ కణుపులతో తట్టి, దానికి చెవి ఆనించింది. మళ్ళీ తట్టింది. మనిషి ఊపిరి ఎంత నెమ్మదిగా వస్తాందంటే, అంత నెమ్మదిగా గాలి పీల్చేవాళ్ళను నేను అరుదుగా చూసినాను. సిలిండర్లో గాలి తగ్గేసరికి బొటనవేలు పైకెత్తినాను. ఆమె రెండు చేతులా ఓడను పట్టుకొని, రానని తల అడ్డంగా ఊపింది. వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి తీసుకురావాల్సి వచ్చింది.

పడవెక్కి మాస్కు తీసింది. మా ఆయన, "ఎట్లుందిమా?" అన్నాడు.

"ఏముంది ఆడ? తుప్పు."

కాసేపటికి, ఎవరినీ చూడకుండా ఇంకో మాట అనింది. "ఆడ ఎవురూ పిలవలే నన్ను. ఇన్నేండ్లలో ఇంత సేపు ఎవురూ పిలవకుండా ఉండింది ఈపొద్దే." వెంటనే నా వైపు తిరిగి, ఆ రబ్బరుగుడ్డ కంపు కొడతాందని, ఉతికే అలవాటు మా పుట్టింట్లోనే లేదని మొదలుపెట్టింది.

దాంతో మా మధ్య ఏదో మారిపోయిందని అనుకోకండి. ఏమీ మారలేదు. ఇంటికొచ్చినాక దుప్పటి కప్పడం మానింది, అంతే.

తర్వాతి ఏడాది నాకు దెబ్బ తగిలింది. ఓడ దగ్గర ఒకాయన భయపడి, నన్ను వాటేసుకొని ఒక్కసారిగా పైకి లేచినాడు. నా చెవి లోపలి పొర చిరిగింది. ఆదోని వచ్చి కొన్ని నెలలు మంచాన ఉన్నాను. లేస్తే తల తిరిగేది. చెవి మానిందని, మళ్ళీ మునగొచ్చని కర్నూలు డాక్టరు చెప్పిన మరునాడే మా పెదమామ, అంటే చనిపోయిన మామ అన్న, దేవనకొండ నుంచి బంధువులను వెంటేసుకొని దిగినాడు. ఇంక కోడల్ని పంపేది లేదని తీర్మానం చేయడానికి. మా ఆయన నేల చూస్తా కూర్చున్నాడు. నేను తలుపు కాడ నిలబడినాను. నా పక్షాన మాట్లాడేవాళ్ళు ఆ ఇంట్లో లేరని నాకు తెలుసు.

"ఇంగ సాలు. ఆడబిడ్డ ఇంటి పట్టున ఉండల్ల" అన్నాడు పెదమామ. "నువ్వేమంటావమ్మా?" అని మా అత్తను అడిగినాడు, జవాబు తెలిసినవాడి మాదిరి.

"దాని పని దాన్ని సేసుకోనీ."

"నువ్వేగదా మొదట్నుంచీ వద్దంటాండేది?"

"ఇప్పుడూ వద్దనే అంటాండా. సచ్చేదాకా అంటా. దాన్ని వద్దనేది నేను, తిట్టేది నేను. నా ఇంటికొచ్చి నా కోడల్ని వద్దనేకి నువ్వెవురు బావా?"

"బాగు కోరి సెప్తాండాం."

"నా మొగుడు పోయినప్పుడు మిల్లుకు పోవద్దని కూడా బాగు కోరే సెప్తిరి. పోకపోయుంటే వీడికి తిండి ఎవురు పెడుతుండిరి?"

అట్లా చెప్పి లేచి లోపలికి పోయింది. వచ్చినవాళ్ళకు కాఫీ కూడా ఇవ్వలేదు. నేను ఇవ్వబోతే గిన్నె లాక్కుంది. పెదమామ ఆ తర్వాత మా ఇంటికి వచ్చింది ఆమె చావుకే. ఆ పూట కూడా గుమ్మం బయటే నిలబడి, చూసి పోయినాడు.

ఆ సాయంత్రం ఆమె దగ్గర కూర్చొని, "అత్తా, ఈపొద్దు నువ్వు నా కోసం..." అని మొదలుపెట్టినాను.

"నీ కోసమని ఎవురు సెప్పినారు? నా ఇంట్లో ఇంకొకడు తీర్పు సెప్తే నాకు పడదు. లే, పక్క దులపల్ల."

ఆమెకు లోపల నా మీద ప్రేమ ఉండేదని, పైకి మాత్రమే కోపమని సావుకు వచ్చినవాళ్ళు నన్ను ఓదార్చినారు. నాకైతే తెలియదు. ఆమె కోపం నిజమైన కోపమే, దాంట్లో కల్తీ లేదు. నా కోపమూ అంతే. అయితే నేను మళ్ళీ నీళ్ళలోకి దిగినాక రోజూ సాయంత్రం ఫోను వచ్చేది. "బయటికొచ్చినావా?" అనేది. "వచ్చినా" అంటే పెట్టేసేది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. నా బతుకు మీద అంత పట్టుదలగా నిఘా పెట్టిన మనిషి ఇంకొకరు లేరు. దానికి నేను రుణపడి ఉన్నాను. ఈ మాట ఆమె బతికుండగా అనుంటే, ఏం కావాలో సక్కగా అడగమనేది.

ఆమెను చివరగా చూసింది ఆదోని స్టేషన్లో, ఈ సీజను మొదలయ్యే ముందు. రైలెక్కించడానికి వస్తానని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆటోలో నా పక్కన కూర్చునింది, అంతే. జనరల్ పెట్టెలో కిటికీ పక్క సీటులో ఒకాయన కాళ్ళు బార్లా చాపుకొని కూర్చున్నాడు. నేను సీటు ఇంకో చివర్న సర్దుకొని కూర్చుంటే, ఆమె ప్లాట్‌ఫారం మీంచి చూసింది. కిటికీ ఊచలు పట్టుకొని మొదలుపెట్టింది. "ఏమప్పా, ఆడమనిషికి గాలి అక్కర్లేదా? దాని చెవి బాగలేదు, గుంపులో తల తిరుగుతాది. లేయ్." ఆయన ముందు వినపడనట్టు నటించినాడు. తర్వాత టిక్కెట్టు ఉందన్నాడు. ఆమె ఆయనది ఏ ఊరని అడిగింది, పెద్దలెవరని అడిగింది, మంచీమర్యాదా నేర్పలేదా అని అడిగింది. రైలు కదిలింది. ఆమె ఊచలు వదలకుండా పక్కనే నడుస్తా వచ్చింది, కొంగు జారిపోయినా సర్దుకోకుండా, ఆ మనిషిని తిడతానే. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ప్లాట్‌ఫారం అయిపోయే కాడికి ఆయన లేచి నిలబడినాడు. నేను కిటికీ కాడికి జరిగి ఊచలకు మొహం ఆనించి చూసేసరికి, ఆమె ప్లాట్‌ఫారం ఏటవాలుగా దిగే చివర్న ఆగిపోయి, ఒక చేత్తో నడుం పట్టుకొని, ఇంకో చేత్తో పోయే రైలుకు వేలు చూపిస్తా, ఇంకా ఏదో చెప్తానే ఉండింది.