వెనక గదికి అందని కంప్యూటర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఇంట్లో మనుషుల కంటే కంప్యూటర్లకే బాగా తెలుసు. రంగూన్‌లో, లమ్మడా పేటలో మేముండే ఫ్లాటు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు గది, మధ్యలో వంటిల్లూ దేవుడి గూడూ, ఆ తర్వాత వెనక గది. ముందు గదిలో పాత కంప్యూటర్ ఉండేది, వెనక గదిలో నాన్న ఉండేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక ఆయన మంచం దిగలేదు.

అమ్మవారి పండగకి ఏటా తెలుగులో పిలుపు రాసేది నాన్నే. మా తాతలు రేవులో మూటలు మోయడానికి వచ్చిన నాటి నుంచీ ఆ పండగ జరుగుతోంది. కానీ ఇప్పుడు మా వాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు, నాతో సహా, లేరనే చెప్పాలి. మాట్లాడతారు, అదీ సగం బర్మా కలిపి. అందుకని బాబాయి, అంటే నాన్న తమ్ముడు, అచ్చయిన పిలుపులు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చివరిదాకా రాగం తీసి చదివి, అప్పుడు చేతిలో పెట్టేవాడు. చదవకుండా ఇస్తే అది పిలుపు కిందికి రాదని మా వాళ్ల పట్టింపు. రాత నాన్నది, గొంతు బాబాయిది.

"ఈ యేడు కూడా నానే రాత్తాను. కుడి సెయ్యి బాగానే ఉంది కదేటి?" అన్నాడు నాన్న. గుండె కూడా బలహీనంగా ఉందనీ, ఉలికిపడే కబుర్లేవీ ఆయన చెవిన వేయొద్దనీ డాక్టరు చెప్పాడు. పిలుపు రాసుకోవడం మాత్రం మంచిదేనన్నాడు. నాకూ అదే అనిపించింది. ఆ పని ఉందనే ఆయన పొద్దున్నే లేచి కళ్లజోడు అడుగుతున్నాడు. అది కూడా లేకపోతే గోడకేసి తిరిగి పడుకుంటాడని నా భయం.

వచ్చిన చిక్కల్లా తెలుగు టైపు చేసే ప్రోగ్రాముతోనే. అది ఆ పాత కంప్యూటర్లో తప్ప ఎక్కడా నడవదు. లాప్‌టాప్‌లో ఎక్కించబోతే నన్ను నానా తిప్పలూ పెట్టి, చివరికి మొండికేసింది. దాంతో లాప్‌టాప్‌ని నాన్న మంచం మీది చిన్న బల్ల మీద పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ కలిపాను. ముందు గది కంప్యూటర్లో ఉన్నదంతా ఆయన ఒళ్లోకి వచ్చింది.

"ఓరి నీ దుంపతెగ! ముందు గదిని మంచం మీదికి తెచ్చీసేవేట్రా!" అని పడిపోయిన మూతితోనే నవ్వాడు. జబ్బు చేశాక అంత నవ్వు నేను చూడలేదు. వారమంతా ఒంటి చేత్తో, ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ కొట్టాడు. శుక్రవారానికి చివరి రెండు వాక్యాలే మిగిలాయి. సోమవారం పొద్దున్నే ప్రెస్సుకి ఇవ్వాలి.

శనివారం మధ్యాహ్నం చౌక్తడాలో ఆఫీసు ముగించుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు.

"బజారుకని ఎల్లింది. ఇదేటో పొద్దున్నుంచీ తగల్డం లేదురా, సూడు," అన్నాడు నాన్న.

తెర మీద కంప్యూటర్ దొరకడం లేదని ఒకటే మాట. ముందు గదికి పరిగెత్తాను. పాత కంప్యూటర్ నిక్షేపంగా వెలుగుతోంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని నెట్‌వర్కు అడ్రసు మారిపోతుంటుంది కాబట్టి అది చూశాను, మారలేదు. ఫైర్‌వాల్ చూశాను, అడ్డం లేదు. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. లాప్‌టాప్‌లో ఇంటర్నెట్టు మాత్రం హాయిగా వస్తోంది, కాబట్టి వైఫై మీద నాకు అనుమానమే రాలేదు. ముందు గదికీ వెనక గదికీ తిరిగి తిరిగి కాళ్లు పీకాయి, నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్న ఓపిగ్గా చూస్తూ, "దాన్ని తిడితే వింతాదేట్రా?" అన్నాడు.

అప్పుడు కనిపించింది, లాప్‌టాప్ మా వైఫైలోనే లేదు. కరెంటు కోతల రోజుల్లో, ఇన్వర్టరున్న కింది ఫ్లాటు బర్మా ఆంటీ తన వైఫై మమ్మల్ని వాడుకోనిచ్చింది. మాది అందకపోవడంతో అది చడీచప్పుడు లేకుండా ఆవిడ వైఫైకి వెళ్లిపోయింది. ఇంటర్నెట్టు వస్తుంది గానీ, మా ముందు గది దానికెలా దొరుకుతుంది! మరి మాది ఎందుకు అందలేదు? ఇంగ్లీషువాళ్ల నాటి మందపాటి గోడలు దాటించడానికి వైఫైని ముందుకు తోసే చిన్న పెట్టె ఒకటి దేవుడి గూట్లో పెట్టాను. అది ఆరిపోయి ఉంది. అమ్మవారి ఎర్ర బల్బుకీ దానికీ ఒకటే స్విచ్చి, ఆ స్విచ్చి ఆపేసి ఉంది. కరెంటు వస్తూ పోతూ ఉండే ఊళ్లో ఆరిపోయిన బల్బును ఎవరు పట్టించుకుంటారు?

స్విచ్చి వేసి అక్కణ్ణుంచే అరిచాను. "దొరికింది నాన్నా! అమ్మ దేవుడి గూటి స్విచ్చి ఆపేసి వెళ్లింది!"

వెనక గదికి వెళ్లి లాప్‌టాప్‌ని మా వైఫైకి కలిపాను. పిలుపు తెర మీదికి వచ్చింది. నాన్న దానికేసి చూడలేదు.

"ఎవులు పోయేర్రా?" అన్నాడు.

"పోవడమేంటి నాన్నా? అమ్మ మరిచిపోయి ఉంటుంది."

"మీ యమ్మ మరిసిపోదు. మైలొస్తే తప్ప అమ్మోరి దీపం ఆర్పదు. ఫోన్ సెయ్యి."

చేశాను. అమ్మ ఎత్తింది, వెనకాల ఏడుపులు. "ఎక్కడున్నావమ్మా?" అంటే బాబాయి వాళ్లుండే బోటాటౌంగ్ అంది. బాబాయి తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. సాయంత్రం నాకొక్కడికే చెబుదామనుకుంది. "నానకి సెప్పకురా, నీకు దండం పెడతాను," అంది. చెప్పేదేముంది, బోటాటౌంగా అని నేను పైకి అననే అన్నాను, మిగతాది ఆయన నా మొహంలోనే చదివేశాడు. ఫోన్ పెట్టేసే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

నాన్న కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. "ఇంక నాను ముట్టకూడదు. మైల సేత్తో అమ్మోరి పేరు రాయకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయి మీదో, అమ్మవారి మీదో, ఆ దిక్కుమాలిన పెట్టె మీదో తెలియదు. "రెండే వాక్యాలు నాన్నా! ఎవరికి తెలుస్తుంది? నువ్వు రాసెయ్యి, సోమవారం నేనే ప్రెస్సుకి పట్టుకెళ్తాను. ఏ పాపం వచ్చినా నాకే రానీ!"

ఆయన తెర మీది అక్షరాలకేసి చూశాడు.

"రాత్తానురా," అన్నాడు. "రాసీగలను. గుమ్మం కాడ సదివీవోడేడిరా?"

అప్పుడు ఏడ్చాడు. పడిపోయిన ఎడమ పక్క కదలక, సగం మొహంతోనే ఏడ్చాడు. నేను ఆయన పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, ఆ రాసే చెయ్యి పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఆ యేడు పిలుపు బర్మా భాషలో అచ్చయింది. ఎవరికి వాళ్లే చదువుకున్నారు.