తాత కోయకుండా ఉంచిన మల్బరీ

మా పక్కింటి తాత పోయాడని మొన్న ఉదయం డ్యూటీ దిగి వస్తుంటే ఫోన్ వచ్చింది. కంపెనీ బస్సులో నిలబడే విన్నాను. ఉద్యోగానికని హోసూరు వచ్చిన నాకు ఇక్కడ మొదట పండు పెట్టిన చెయ్యి ఆయనది. ఆయన లేడంటే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

మా అద్దె ఇంటికీ వాళ్ల పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. అవతల జామ, దానిమ్మ, సీతాఫలం. వాటన్నిటికీ వెనక ఒక మల్బరీ చెట్టు. జామపండు కోయమని నన్ను పిలిచేవాడు గానీ లాగితే ఊరుకునేవాడు కాదు. "పెరకొద్దప్పా. ఊరికే చేత్తో పట్టుకో. మాగింటే అదే వస్తాది" అనేవాడు. నిజంగానే వచ్చేది.

మల్బరీ దగ్గర మాత్రం ఇంకా కఠినం. నేను సిగరెట్ తాగి వస్తే చేతులు కడుక్కోనిదే ఆకు ముట్టనిచ్చేవాడు కాదు. పొగాకు వాసన పట్టుపురుగుకు విషమట. "ఇక్కడ పురుగులెక్కడున్నాయి తాతా?" అన్నానొకసారి. "పురుగు లేదు. అలవాటు ఉండాది కదా" అని చెంబు చేతికిచ్చాడు.

సొంతూరు ఉద్దనపల్లిలో ఆయన బతుకంతా పట్టుపురుగుల పెంపకమే. పురుగుకు కావలసింది ఆకు. అందుకని మల్బరీని పెరగనివ్వరు, ఎప్పటికప్పుడు మొదలుదాకా కోసేస్తారు. కాయ ఎర్రబడేలోపే కొమ్మ మేతకు పోతుంది. అంతకాలం ఆ తోటల్లో తిరిగిన మనిషి, నల్లగా మాగిన పండు ఒక్కటీ తినలేదంటే నోరు తెరిచాను. పొలం కొడుకులకు పంచి హోసూరు వచ్చాక ఒక పుల్ల నాటి, దీన్ని మాత్రం కోసేది లేదని ఒట్టు పెట్టుకున్నాడట. అది మిద్దె దాటింది. "ఇంత ఎత్తు పోతాదని నాకే తెలీదప్పా" అని తల వెనక్కి వంచి చూసేవాడు. 

ఈ ఏడే మొదటిసారి కాయ పట్టింది, అదీ కొమ్మకొమ్మకూ. అప్పటికే ఆయన గుండెకు మాత్రలు మింగుతున్నాడు. మళ్లీ కాపు చూస్తానో లేదో అని తనే అనేవాడు. కాయలు ఎర్రబడుతుండగా ఉద్దనపల్లి నుంచి మేనల్లుడు వచ్చాడు.

"రాళ్లవానకు తోటంతా చీలికలైపోయినాది మామా. ఆకు కోసం ఊరూరూ తిరిగి అడిగినాను. పురుగు గూడు కట్టబోతా ఉండాది, ఆఖర్న ఒక పూట మేత తక్కువ పడింది" అన్నాడు. చెట్టు వంక చూడడానికి కూడా మొహమాటపడ్డాడు.

నేను ఉండబట్టలేక, "ఇంకో వారం ఆగితే పండుతాయి కదా తాతా" అన్నాను.

"మేత లేకుంటే పురుగు తల ఎత్తుకొని చూస్తా ఉంటాదప్పా. దాన్ని అట్ల పెట్టి ఈడ నేను పండు తింటే గొంతులో దిగుతాదా?" అని కొడవలి అందుకున్నాడు. వద్దన్నా వినలేదు. అందినవి తనే కోశాడు, అందనివి మేనల్లుడు ఎక్కి కోశాడు. ఎర్రకాయలతో సహా కట్టలు కట్టి వ్యాన్‌లో వేశారు. సాయంత్రానికి మోడు మిగిలింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పురుగులు గూళ్లు కట్టాయని తర్వాత కబురొచ్చింది. ఈలోగా మోడు మీద చిగుళ్లు లేచాయి. చిగురు విప్పుకుంటే ఆకు పక్కనే కాయ. ప్రతి కణుపుకూ కాయ, ముందుకంటే గుత్తులుగా. తాత పొద్దున లేస్తూనే అక్కడే కుర్చీ వేసుకునేవాడు. "కోసినాననే కోపమే లేదే దీనికి!" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

పోయిన నెలలో ఒకరోజు గోడ మీంచి చూశాను. నల్లగా మాగిన గుత్తి కింద చెయ్యి పట్టాడు. పళ్లు తమంతట తామే రాలాయి. ఒకటి నోట్లో వేసుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత అవ్వను కేకేసి, మిగిలినవన్నీ ఆమె దోసిట్లో పోశాడు. ఆమె కూడా పెళ్లయిన నాటినుంచి ఆయనతో పాటు ఆకు కోసిన మనిషే.

అవ్వ తిని కళ్లు మూసుకుంది. "ఇంత తీపి పెట్టుకోనుండేదాన్నా మనం ఇన్నేండ్లు నరికినాము?"

"నరికినాము. అయినా పెట్టింది చూడు" అన్నాడు తాత. 

నేను గోడకు ఇవతలే ఆగిపోయాను. నల్లబడిన పెదాలతో ఇద్దరూ తలలెత్తి చెట్టునే చూస్తున్నారు.