మా అత్త గుండె మీది గీతలు

నేను హైదరాబాదుల ఒక దవాఖానల పనిచేస్త. వాల్వు లీకైనోళ్ల గుండె కండ ఎట్ల ముడుచుకుంటది, ఎట్ల మెలి తిరుగుతది అని ఎం.ఆర్.ఐ. తోని చూసుడు నా పని. కండ మీద సన్నటి నల్ల గీతలు అడ్డం నిలువు గీసినట్టు మిషన్ చూపిస్తది. గుండె కొట్టుకున్నప్పుడల్ల ఆ గీతలు వంగుతయి. ఎంత వంగినయో చూస్తే కండల సత్తువ ఎంతున్నదో తెలుస్తది.

రోగమున్నోళ్ల బొమ్మలు మా దగ్గర మస్తు ఉండె. పోల్చి చూసేతందుకు అదే వయసుల రోగం లేనోళ్లు కావాల్సొచ్చిన్రు. నాకు ముందుగాల యాదికొచ్చింది మా మేనత్తనే. మాది బిజినేపల్లి, ఆమెను గద్వాల దిక్కు ఇచ్చిన్రు. విత్తనాల పత్తి చేన్ల పొద్దుగాల్నుంచి నిలవడి మొగ్గలు వలుస్తది, పువ్వుకు పువ్వు అద్దుతది, క్రాసింగు అంటరు దాన్ని. జరమొచ్చి పండుకున్నది నేనెన్నడు చూడలే.

ఫోన్ల అడిగితే నవ్వింది. "రోగం లేనోళ్లను గూడ దవాఖానకు పిలుస్తరా? ఇదేం పని బిడ్డా!" అన్నది. అయినా వచ్చింది, సంచిల జొన్నరొట్టెలు, పల్లీల పొడి పెట్టుకొని.

గాజులు, మెట్టెలు తీపిచ్చి మిషన్ల పండబెట్టినం. బొమ్మ తీసేటప్పుడు ఊపిరి ఆపాలె, లేకుంటే గీతలు అలుక్కపోతయి. అద్దం ఇవతల కూసొని నేను మైకుల చెప్పిన.

"అత్తా, ఊపిరి ఇడిసి జర ఆపు."

"ఆపిన" అన్నది లోపట్నుంచి.

"మాట్లాడితే ఆపినట్టు కాదత్తా."

"సరే, ఇగ మాట్లాడ."

మళ్ల ఆపుమంటే మళ్ల "ఆపిన" అన్నది. పక్కన టెక్నీషియన్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆఖరికి కుదిరింది.

బొమ్మ తెర మీదికి వచ్చినంక నా నవ్వు పోయింది. మూసుకోవాల్సిన వాల్వు సందుల కెల్లి నెత్తురు వెనక్కి చిమ్ముతుండె, నల్లటి పొగ లెక్క. గీతలు వంగాల్సినంత వంగుతలేవు. వేరేటోళ్ల బొమ్మ గిట్ట వచ్చిందా అని పేరు చూసిన. మా అత్త పేరే.

మా పెద్ద డాక్టరు సారు చూసి, "ఈమెను రోగం లేనోళ్లల్ల కలపలేం" అన్నరు. బొమ్మ దిక్కే చూసుకుంట, "ఇప్పుడన్న తెలిసింది, మంచిదే" అన్నరు.

అత్త బయట గాజులు ఏసుకుంట కూసున్నది. నా మొఖం చూసి, "ఏమన్న దొరికిందా?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పిన.

"నాకేం నొప్పి లేదు గదా?"

"ఆయాసం గూడ లేదా?"

"పొద్దు వాలేటాళ్లకు వస్తది. వయసు మీద పడుతలేదా మరి?"

ఆ మాట ఆమె అప్పటిదాంక ఎవ్వరికి చెప్పలే. వాల్వు లీకైతే సగం నెత్తురు వెనక్కి నెట్టుడు గుండెకు అల్కగ ఉంటదని, అందుకే మామూలు పరీక్షల గుండె మంచిగనే కొట్టుకుంటున్నట్టు కనవడుతదని, లోపల కండ మాత్రం అలిసిపోతనే ఉంటదని చెప్పిన. ఆపరేషన్ తొందర్ల చేపియ్యాలె అన్న.

"ఆగితే ఏమైతది?"

"కండ మళ్ల కోలుకుంటదో లేదో చెప్పలేం."

"చేన్ల క్రాసింగు నడుస్తున్నది బిడ్డా. అదన్న అయిపోనియ్."

నేను మామకు ఫోన్ కలిపి ఇచ్చిన. ఆయన చెప్పింది నాకు గూడ ఇనవడ్డది. "చేను నేను చూసుకుంట. నువ్వు ఆడ్నే ఉండు."

వాల్వు మార్చే పని పడలే. ఉన్నదాన్నే కుట్టి సరిచేసిన్రు. ఇంటికి పోయి కొన్ని నెలలైనంక మళ్ల ఎం.ఆర్.ఐ. తీసినం. ఈసారి బొమ్మ తనకు గూడ చూపెట్టుమన్నది. తెర ముంగట కుర్చీ ఏసిన. తన గుండె కొట్టుకునుడు తనే రెప్ప కొట్టకుంట చూసింది.

"గీతలు ఇప్పుడు మంచిగ వంగుతున్నయా?"

"అప్పటికంటె నయమే అత్తా. రోగం లేనోళ్ల లెక్కనైతే ఇంక రాలే."

"ఉన్నమాట చెప్పినవ్, మంచిదే" అని లేచింది.

ఈ ఏడు వాళ్లు విత్తనాల పత్తి ఎయ్యలే. కందులేసిన్రు. మామే పట్టువట్టి గట్ల చేసిండట. అత్తకు అది నచ్చలే. ఫోన్ చేసినప్పుడల్ల ఆయన మీద చాడీలు చెప్తది, కందిచేన్ల ఏం పనుంటదని కొట్లాడుతది. నేను ఊ కొడుతుంట గాని, మాటల నడుమ ఆయాసం వస్తుందా అని చెవి పెట్టి ఇంటుంట. గుక్క తిప్పుకోకుంట మాట్లాడుతది.