రెండు చుక్కల గుర్తు

ఆ రోజుల్లో నేనెంత తెలివైనదాన్నని అనుకునేదాన్నో తలుచుకుంటే, ఇప్పటికీ తార్నాక చౌరస్తాలో నిలబడి చెవులు పట్టుకుని గుంజీలు తీయాలనిపిస్తుంది. యూనివర్సిటీలో ఎం.టెక్.కి కొత్తగా చేరాను. ప్రాజెక్టు పేరుతో నన్ను క్యాంపస్ బస్సుల షెడ్డులో పడేశారు. అక్కడ ఒక పాత బస్సు డీజిల్ ఇంజిన్ని పూర్తిగా విప్పి మళ్ళీ కడుతున్నారు. కట్టేది రైల్వేలో రిటైరై, ఇక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒక పెద్దాయన. మేమంతా ఆయన్ని ఐస్ తాత అనేవాళ్ళం. (ఎదురుగా కాదు లెండి, ఎదురుగా ఉస్తాద్ అనేవాళ్ళం.)

ఆ పేరు ఊరికే రాలేదు. ఇంజిన్లో పిస్టన్ కిందికీ పైకీ ఆడే ఇనుప గొట్టాన్ని స్లీవ్ అంటారు. కొత్త స్లీవ్‌ని సుత్తితో కొట్టి దించడం తాత దృష్టిలో మహాపాపం. ఐసులో కాసేపు ఉంచితే అది వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, అప్పుడు గబుక్కున దించితే చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఆ ఐసు తెచ్చే ఉద్యోగం నాది. తార్నాకలో చెరుకురసం బండి దగ్గర ఐసుగడ్డ కొని, గోనెసంచిలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏంది మేడం, ఇంట్ల ఫంక్షనా?" అన్నాడు. "కాదు, ఇంజిన్‌కి" అన్నాను. మిగతా దారంతా అతను అద్దంలోకి చూడలేదు. సాయంత్రం ఇంటికెళితే అమ్మ, "పెద్ద చదువంటే ఇదా తల్లీ?" అంటూ గుమ్మంలోనే సబ్బుపొడి డబ్బా చేతికిచ్చేది.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు బిగించిన భాగం మీద వాళ్ళు పంచ్‌తో తమ గుర్తు కొట్టాలి. తాతది పక్కపక్కనే రెండు చుక్కలు. ఆ చుక్కలున్న దాన్ని మళ్ళీ తనిఖీ చేయడమంటే ఆయన్ని అవమానించినట్టే. అందుకని ఎవరూ చూసేవాళ్ళు కాదు, తాత కూడా చూసేవాడు కాదు.

స్లీవులు అయ్యాక బుష్‌ల వంతు వచ్చింది. పిస్టన్‌ని పట్టుకునే రాడ్డు పైచివర కంచు ఉంగరంలాంటి బుష్‌ని ప్రెస్సుతో నొక్కి ఎక్కించాలి. బుష్‌కో రంధ్రం, రాడ్డుకో రంధ్రం. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, ఇంజిన్ ఆయిల్ పోయేది అందులోంచే. ఆరు రాడ్లలో అయిదు పూర్తిచేసి, "ఆరోది నేనొచ్చినంక చేద్దాం. నువ్వు ముట్టకు బిడ్డా" అని తాత లాలాపేట్‌లో ఇంటికి భోజనానికి వెళ్ళాడు. అయిదు చూసినదాన్ని ఆరోది చేయలేనా? నొక్కేశాను. చూస్తే రంధ్రం సగమే కనిపిస్తోంది. వెనక్కి తీయబోతే రాలేదు. ఆయిల్ కదా, సగం దారి ఉన్నా ఎలాగో పోతుందని నా ఎం.టెక్. బుర్ర నచ్చజెప్పింది. తిట్లు తప్పించుకోవడానికి తాత పంచ్ తీసి, రాడ్డు మీద రెండు చుక్కలు కొట్టాను.

ఆయన వచ్చి రాడ్డు చేతిలోకి తీసుకున్నాడు. "గీ ఆరోది నేను చేసిన్నా?"

"మీరే చేశారు ఉస్తాద్. మర్చిపోయారు."

చుక్కల వంక చూసి నవ్వాడు. "యాది గూడ పోతున్నది బిడ్డా."

బస్సు వారం తిరిగింది. తర్వాత ఒక పొద్దున లాలాగూడ దగ్గర నిండా పిల్లలతో టకటకా కొట్టుకుని ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. ఇంజిన్ విప్పితే ఆరో రాడ్డు బుష్ మాడిపోయి ఉంది. "ఎవరి గుర్తిది?" అని ఆఫీసరు అడిగాడు. "నాదే సార్" అన్నాడు తాత. ఎవరూ పొమ్మనలేదు. ఆయనే పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. "చేతులు మంచిగనే ఉన్నయ్ సార్, మతే పోయింది. మతి లేనోడు ఇంజిన్ ముట్టొద్దు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ప్రాజెక్టు పోతుందన్న భయంతో నిజం దాచేశాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, వచ్చి ఇప్పటిదాకా పోలేదు.

ఆరేళ్ళు గడిచాయి. అదే క్యాంపస్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక, ఇక ఉండబట్టలేక లాలాపేట్ వెళ్ళాను. తాత వంటింట్లో ఉన్నాడు. పొయ్యి పక్కన గోడ నిండా సుద్దముక్కతో పెట్టిన జంట చుక్కలు. గ్యాసు కట్టేసిన ప్రతిసారీ మర్చిపోకుండా గుర్తు పెట్టుకుంటున్నాడట. అది చూశాక, దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి భార్యను పిలిచాడు. "ఏమే, విన్నవా? నాకు మతి పోలేదంట! ఆరోది నేను చెయ్యనే లేదంట!" చిన్నపిల్లాడిలా ఆ మొహం వెలిగిపోయింది. ఆమె మాత్రం నవ్వలేదు. నా వైపు చూసి, "ఆరేండ్ల సంది ఇంట్ల స్క్రూడ్రైవర్ గూడ ముట్టలే ఆయన" అంది.

వచ్చేటప్పుడు తాత గేటు దాకా వచ్చాడు. "అప్పుడే చెప్తే అయిపోతుండె గద బిడ్డా. బుష్ గుంజి కొత్తది ఎక్కించుడు ఎంత సేపు, పది నిమిషాల పని" అన్నాడు, కోపం లేకుండా.

ఇప్పుడు మా ల్యాబులో నాకూ ఒక గుర్తుంది, ఒకటే చుక్క. అది కనిపిస్తే తప్పనిసరిగా మళ్ళీ తనిఖీ చేయాలని పిల్లలకు నియమం పెట్టాను. "మేడంకి తన మీద తనకే నమ్మకం లేదు" అని వెనకాల నవ్వుకుంటారు. నాకూ నవ్వొస్తుంది. ఆనాటి తెలివైన పిల్ల గుర్తొచ్చి, గడియారంలో పది నిమిషాలు గడవడం చూస్తూ కూర్చుంటాను.