బెలూను ముందర కర్పూరం

మా పెద్దసారుకు వచ్చిన ఆహ్వానం మీద నేను హైదరాబాదు వెళ్లాను. పెద్దసారు అంటే వనపర్తిలో నేను ఫిజిక్స్ చెప్పే ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి యజమాని. రెండు బియ్యం మిల్లులు కూడా ఆయనవే. అంతరిక్ష యాత్రల్లో రాబోయే సాంకేతికతల గురించి సంస్థల అధిపతులకు ఐదు రోజుల శిక్షణ అని ఆ కాగితంలో ఉంది. కాలేజీ కూడా ఒక సంస్థే కదా అని ఎవరో ఆయన పేరు రాసి పంపారు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు.

"ఫిజిక్స్ చెప్పేది నువ్వు గదమ్మా, నువ్వే పో. నేను పోతే గక్కడ కుర్చీల నిద్రపోత. వచ్చినంక మాకు జర అర్థమయ్యేటట్టు చెప్పు."

ఇది రెండువేల ఐదులోనో ఆరులోనో జరిగింది. నా బల్ల మీద కూర్చున్నవాళ్లంతా టై కట్టుకున్న మేనేజర్లు. అందరూ విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకుంటుంటే నా సంచిలో టిఫిన్ డబ్బా, బస్ టికెట్టు తప్ప ఇంకేం లేవు. మీ కంపెనీలో ఎంతమంది పనిచేస్తారని ఒకాయన అడిగాడు. పనిచేసేది తక్కువమందే, అల్లరి చేసేది మాత్రం రెండొందల మంది అన్నాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది కానీ ఆ ఐదు రోజులూ అది ముక్కు దిగి ఎటో పోయింది. అంత బాగుంది ఆ చదువు. అరచేతిలో పట్టే ఉపగ్రహాలు, ఎండ నెట్టే బలంతోనే కదిలే తెరచాపలు, వంచినా వేడి తగలగానే మళ్లీ పాత ఆకారానికి వచ్చే లోహాలు. మేనేజర్లు టీ కోసం గడియారం చూసుకుంటుంటే నేను ఇంకో ప్రశ్న అడిగి వాళ్ల చేత తిట్లు తిన్నాను.

అన్నిటికంటే నాకు పట్టుకున్నది మాత్రం చివరి రోజు చెప్పిన ఒక మామూలు పద్ధతి. ప్రయోగానికి ముందు ఒక్కొక్క విభాగాన్నీ వరసగా అడుగుతారు, సిద్ధమా అని. సిద్ధమైతే సిద్ధం, కాకుంటే లేదు. నసగడం కుదరదు. ఏ ఒక్కరు లేదన్నా, వాళ్లెంత చిన్నవాళ్లయినా, అంతా ఆగిపోవాలి. ఆపినవాళ్లను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు.

తిరిగొచ్చి పెద్దసారుకు చెబితే ఆయన కళ్లు మెరిశాయి. "మన దిక్కు యజమానులకు గూడ పెడదాం గీ ట్రైనింగు. ఒక్కరోజు. సర్టిఫికెట్టు ఇద్దాం, బగారన్నం పెడదాం." ఆ రెండో మాట విన్నాక ఎవరూ రామని అనలేదు.

నేను అంత ఉత్సాహంగా ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మా కాలేజీకి ల్యాబు లేదు. పరీక్షల ముందు పిల్లల్ని బస్సెక్కించుకుని గద్వాల వెళ్లి, అక్కడి కాలేజీవాళ్లను బతిమాలి రెండు వారాలు వాళ్ల ల్యాబులో నిలబడేవాళ్లం. మిగతా ఏడాదంతా ప్రయోగాలు బోర్డు మీదే. నా సంగతి ఎలాగో నడిచేది, లోలకాన్ని తాడుకు తాళంచెవి కట్టయినా చూపించవచ్చు. కెమిస్ట్రీ చెప్పే ఆపా గతే అన్యాయం. ఆమె ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అందుకే ముస్లింల ఇళ్లలో అక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచేదాన్ని. "గిది కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తది, రాసుకోండ్రి. గిది టప్పుమని పేలుతది, రాసుకోండ్రి" అని చెప్పి చెప్పి ఆమె గొంతు పోయేది. టప్పుమనేది హైడ్రోజన్. మా పిల్లలు ఆ టప్పును ఎన్నిసార్లు రాశారో కానీ ఒక్కసారీ విన్నది లేదు. శిక్షణకు వచ్చే యజమానులు మెచ్చి తలా ఒక చెయ్యి వేస్తే ల్యాబు కడతానని పెద్దసారు మా ఇద్దరికీ మాటిచ్చాడు. "మంచిగ జరగాలె మరి" అని కూడా అన్నాడు.

ఆదివారం పొద్దున ఇరవై మంది దాకా వచ్చారు. గద్వాల చీరల షాపాయన, ఉప్పునుంతల విత్తనాల షాపాయన, మా ఊరి గ్యాస్ ఏజెన్సీ ఆయన అందరికంటే ముందు వరసలో కూర్చున్నారు. ఉపగ్రహాలు, తెరచాపలు అన్నీ చెప్పాను. విత్తనాల షాపాయన చెయ్యెత్తి, "పైనుంచి సూస్తే నా షాపుల నకిలీ విత్తనం లేదని గవర్నమెంటుకు కనవడ్తదా మేడమ్?" అని అడిగాడు. ఆ పని ఇంకా అంతరిక్షం దాకా పోలేదని చెప్పాను.

మధ్యాహ్నం అసలు కార్యక్రమం. కాలేజీ వెనక మైదానంలో పెద్ద బెలూను ఎగరేయాలి. దానికి థర్మోకోల్ పెట్టె వేలాడుతుంది, పెట్టెలో డిజిటల్ కెమెరా ఉంటుంది. తాడు కట్టి పైకి వదిలి, మళ్లీ కిందికి లాగేసుకుంటాం. తాడు చీరల షాపాయనది, పెట్టె విత్తనాల షాపాయనది. జనం దగ్గరికి రాకుండా మైదానం చూసుకోవడం గ్యాస్ ఏజెన్సీ ఆయన బాధ్యత. హీలియం మాకు అందే సరుకు కాదు కనుక బెలూనులో నింపేది సిలిండరులో తెప్పించిన హైడ్రోజన్. అది ఆపా చూసుకుంటుంది. అందరి మీదా డైరెక్టరు పెద్దసారు. ఆ పదవి అట్టముక్క మీద రాయించి జేబుకు తగిలించుకున్నాడు.

భోజనాలకు ముందు ఒకసారి సాధన చేయించాను. కావాలనే తాడు తీసి బీరువాలో దాచి, "తాడు సిద్ధమా?" అని అడిగాను.

"సిద్ధం" అన్నాడు చీరల షాపాయన, ఖాళీ చేతులు ఊపుతూ.

"తాడేదండీ?"

"వస్తది మేడమ్. పని మీద బయల్దేరేటప్పుడు లేదంటమా ఎక్కడన్న?"

మళ్లీ అడిగాను. లేదనమని బతిమాలాను. ఒక్కరి నోటా రాలేదు. "అయితది", "నడుస్తది", "జర ఆగితే అదే వస్తది" అంటారే తప్ప లేదనరు. నాకు ఒళ్లు మండింది. హైదరాబాదులో ఐదు రోజులు నేర్చుకున్నది మా ఊళ్లో ఐదు నిమిషాలు నిలవలేదు. చివరికి ఆపినవాళ్లను పల్లెత్తు మాట అననని ఒక్కొక్కరి చేతా చెప్పించుకుని వదిలాను. ఆపా నవ్వింది. "పరేషాన్ గాకు. ఇయ్యాల ఏం తేడా రాకుంటే మన ల్యాబు ఖాయం. చీరల షాపాయన ఇందాక పెద్దసారుతోని బల్లలు నేనిస్త అంటుండె."

భోజనాలయ్యాక అందరం మైదానంలోకి వచ్చాం. పిల్లలంతా మేడ మీద వరసగా నిలబడ్డారు. బెలూను నిండి, ఎగిరిపోవడానికి గింజుకుంటోంది. దాని మూతి దగ్గర ఆపా నిలబడి ఉంది. నేను కాగితం తీసి గట్టిగా అడగడం మొదలుపెట్టాను.

"తాడు?"

"సిద్ధం."

"పెట్టె?"

"సిద్ధం."

"మైదానం?"

"సిద్ధం" అన్నాడు గ్యాస్ ఏజెన్సీ ఆయన, నా వెనక ఎక్కడి నుంచో.

"గ్యాస్?"

జవాబు రాలేదు. తలెత్తి చూశాను. ఆపా నన్ను చూడడం లేదు, నా భుజం మీదుగా అవతలికి చూస్తోంది.

"లేదు" అంది.

నేను వెనక్కి తిరిగాను. పెద్దసారు రెండు చేతులతో పళ్లెం పట్టుకుని బెలూను వైపు వస్తున్నాడు. పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, గుట్టగా కర్పూరం. పక్కనే గ్యాస్ ఏజెన్సీ ఆయన అగ్గిపుల్ల బయటికి తీసి గీయడానికి సిద్ధంగా నడుస్తున్నాడు. కొత్త లారీ వచ్చినా, కొత్త మోటారు బిగించినా ముందు కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వకుండా మా దగ్గర ఎవరూ ముట్టుకోరు. బెలూను మాత్రం ఏం పాపం చేసిందని ఆ పెద్దమనుషుల ఆలోచన.

"మంచి పనికి పోతుంటే లేదంటదేంది?" అన్నారెవరో వెనక నుంచి. "ఆమెకేం తెలుస్తది మన పద్ధతి" అంది ఇంకో గొంతు.

ఆపాకు ఆ మాట వినపడింది. ఆమె చెయ్యి మాత్రం బెలూను మూతి మీంచి కదల్లేదు. ఆ గొంతు ఎవరిదో కనిపెట్టి చెడామడా తిట్టేద్దామని రెండడుగులు వేశాను. ఈలోపు పెద్దసారు పళ్లెం పట్టుకునే గట్టిగా అన్నాడు.

"ఆపినోళ్లను ఏమనొద్దని పొద్దుగాల ఒప్పుకున్నమా లేదా?" తర్వాత ఆపా వైపు తిరిగి, "ఏమైందమ్మా? చెప్పు" అన్నాడు.

"సార్, కొబ్బరికాయ కొట్టుండ్రి. కర్పూరం ఒద్దు. గీ బెలూన్ల ఉన్నది హైడ్రోజన్. మంట దగ్గరికొస్తే అందరం పోతం."

గ్యాస్ ఏజెన్సీ ఆయన అగ్గిపుల్లను చూసుకున్నాడు. తన ప్రతి సిలిండరు మీదా నిప్పు వద్దని కాగితం అంటించే మనిషి ఆయన. పుల్లను మళ్లీ పెట్టెలో పెట్టి, పెట్టెను జేబులో పెట్టి, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయినా హారతి లేకుంట ఎట్ల?" అని మళ్లీ ఒకరు గొణిగారు. ఆపా నన్ను పిలిచి మూతి నా చేతికిచ్చింది. చిన్నపిల్లలు ఆడుకునే బెలూను ఒకటి తీసి కాస్త గ్యాసు పట్టి, పొడుగాటి వెదురు కర్ర చివర కట్టింది. తర్వాత పెద్దసారు దగ్గరికి వెళ్లి రెండు చేతులూ చాచింది. ఆయన పళ్లెం ఇచ్చాడు. ఆమె ఆ పళ్లెం జాగ్రత్తగా పట్టుకుని, మైదానం దాటి గేటు దాకా నడిచి, అక్కడ నేల మీద పెట్టింది. పెద్దసారు వెళ్లి కర్పూరం వెలిగించి, అక్కడి నుంచే బెలూనుకు చేతులు జోడించాడు. అందరినీ దూరం జరగమని చెప్పి, ఆపా కర్ర ఈ చివర పట్టుకుని ఆ చిన్న బెలూనును మంట మీదికి దించింది.

ధన్!

గేటు మీది పావురాలు లేచిపోయాయి. చీరల షాపాయన తాడు వదిలేసి నేల మీద కూర్చున్నాడు. తర్వాత మేడ మీద మా పిల్లలు కేరింతలు కొట్టారు. "మేడమ్, టప్ అని రాయించిండ్రు, గిదేంది ధన్ అన్నది!"

పెద్దసారు పెద్ద బెలూను వైపు, తాను ఇందాక నిలబడ్డ చోటు వైపు చూశాడు. కర్పూరం పూర్తిగా ఆరిపోయాక ఆపా తిరిగొచ్చి మూతి పట్టుకుంది. నేను మొదటి నుంచీ మళ్లీ అడిగాను. ఈసారి చీరల షాపాయన వెంటనే జవాబివ్వలేదు. తాడు ముడి విప్పి, లాగి చూసి, గట్టిగా మళ్లీ వేసి, అప్పుడు సిద్ధం అన్నాడు. చివర ఆపా కూడా అంది. బెలూను లేచింది.

వీడియోలో పెద్దగా ఏం లేదు. ఊగుతున్న కాలేజీ డాబా, బస్టాండు, మిల్లు రేకులు, దూరంగా కొండలు. మూలకు చిన్న చుక్కలా ఆపా ఆకుపచ్చ చున్నీ. యజమానులు ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కుంటూ దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కరూ ఉపగ్రహాల మాట ఎత్తలేదు, అందరూ ఆ చప్పుడు గురించే మాట్లాడారు. గిసుంటిది రోజూ నేర్పాలంటే గది కావాలె గద అని విత్తనాల షాపాయనే మొదట అన్నాడు.

మరుసటి ఏడాది ల్యాబు తయారైంది. బల్లలు చీరల షాపాయనవి, బర్నర్లకు గొట్టాలు, సిలిండర్లు గ్యాస్ ఏజెన్సీ ఆయనవి. ప్రారంభం రోజు దీపపు కుందె దగ్గర పెద్దలంతా నిలబడ్డారు. పెద్దసారు అగ్గిపుల్ల తీశాడు. గీయబోయి ఆగి, తలలన్నిటి మీదుగా వెతికి, గట్టిగా అడిగాడు.

"గ్యాస్?"

ఆపా వెనక గోడ దగ్గర ఉంది. "లేదు సార్" అంది. అని, మొదటి బల్ల దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పి చూసింది. తర్వాత రెండో బల్ల, మూడో బల్ల. గదినిండా జనం, ముఖ్య అతిథి చేతిలో పూలదండ, పెద్దసారు చేతిలో గీయని పుల్ల. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఎందుకు ఆలస్యమని అతిథి చిన్నగా అడిగాడు.

"జర ఆగుండ్రి సార్" అన్నాడు గ్యాస్ ఏజెన్సీ ఆయన. "మేడమ్ ఇంక సిద్ధమనలే."

చివరి కుళాయి కూడా చూసి, ఆపా మా వైపు తిరిగింది.

"సిద్ధం" అంది, గదికంతా వినపడేలా.