గోపయ్య ప్యాకార్డు గడప దాటిన రోజు

నాచారం పాత ఊళ్ళో గోపయ్య ఇల్లు ఎక్కడని అడిగితే, "కారాయనదా?" అని ఎదురడుగుతారు. ఆ మాటలో చాలాకాలం వెక్కిరింతే ఉండేది. అది చెవిన పడ్డప్పుడల్లా గోపయ్య భార్య ఈరమ్మకు తల కొట్టేసినట్టయ్యేది.

గోపయ్య తాతలు ఆ నేల మీదే జొన్న పండించారు. చేలు పోయి ఫ్యాక్టరీలు వచ్చాక గోపయ్య వాటిలో ఒకదాంట్లో ఫిట్టరయ్యాడు. రెండువేల మూడులో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. అదే ఏడాది తార్నాక వైపు ఒక పాత బంగళా కూలగొడుతుంటే దాని షెడ్డులో అతనికి ప్యాకార్డు కారు కనబడింది. జాగీర్దార్ల కాలం నాటి అమెరికా బండి. అద్దాలు లేవు. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. పాత ఇనుము వాళ్ళు దాన్ని ముక్కలు కొయ్యడానికి సిద్ధంగా ఉన్నారు. గోపయ్య బంగళా పెద్దమ్మ కాళ్ళావేళ్ళా పడి, దాన్ని ట్రాక్టరు ట్రాలీ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పట్లో వాకిలీ వీధీ ఒకే మట్టంలో ఉండేవి.

చేతిలో చాటతో ఈరమ్మ బయటికి వచ్చింది.

"ఏందిది?"

"కారు."

"కారైతే నడిసి రావాలె గద. శవమోలె మోసుకొచ్చినవేంది?"

"నడుస్తది. జర టైం పడ్తది."

ఆ జర టైం పదేళ్ళు దాటింది. పగలంతా చర్లపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో పని, సాయంత్రమైతే కారు కింద. తుప్పు గీకాడు, రేకు అతికాడు. దొరకని సామాను లేతు మిషను మీద తనే చేసుకున్నాడు. ఎవరో పారేసిన టేకు తలుపు కోసి డాష్‌బోర్డు అమర్చాడు. రంగు వేశాక దాని మీద బజారు గుడ్డ పడనిచ్చేవాడు కాదు. గీతలు పడతాయట. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ నేతచీరే కావాలి.

"నా చీర చిరగక ముందే దాని ఒళ్ళు తుడువనీకె సూస్తుండు. సవతిని తెచ్చి నా నెత్తిన పెట్టిండమ్మా" అని ఈరమ్మ వాడకట్టంతా చెప్పుకునేది. అలా తిట్టిపోసిన మనిషే, అంత పెద్ద సీట్లు తమవల్ల కాదని దుకాణాల వాళ్ళు చేతులెత్తేసినప్పుడు రవికలు కుట్టే మిషను ముందేసుకుంది. కొబ్బరిపీచు పరిచి, మీద ఏకిన దూది పరిచి, రెక్సిను తొడిగింది. మిషను సూదులు విరిగితే దబ్బనంతో చేత్తోనే కుట్టింది. పని అయ్యాక, ఎవరూ చూడటం లేదనుకుని, వెనక సీట్లో కూచుని చిన్నపిల్లలా ఎగిరి చూసింది.

ఇంజను మోగడం మొదలయ్యాక గోపయ్య ప్రతి ఆదివారం వాకిట్లోనే స్టార్టు చేసేవాడు. చెవి ఒగ్గి వినేవాడు, ఆపేవాడు, మళ్ళీ విప్పేవాడు. గేటు దాటించేవాడు కాదు. అడిగితే, ఇంకా లోపల ఏదో గరగరమంటోందనేవాడు.

"మామా, నీ బండి మస్తుగ ఒర్లుతది గని గడప దాటదేంది? గోషా గిట్ట పెట్టినవా?" అనేవాడు ఎదురింటి నాగేందర్.

రెండువేల పద్నాలుగు జూన్ రెండున రాష్ట్రం వస్తోందనగా ఆ నాగేందరే పరుగెత్తుకొచ్చాడు. వాడకట్టు ఊరేగింపు ఉప్పల్ రింగురోడ్డు దాకా పోతుంది. వెనకటి ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్న ముసలి మొగిలయ్యను అందరికంటే ముందు కూచోబెట్టాలి. "ఆయన్ని ఆటోల కూసోబెడ్తమా మామా? నీ బండి తియ్యాలె" అన్నాడు. గోపయ్య సరేనన్నాడు. ఆ మాట ఈరమ్మ చెవిన పడింది. ఇన్నేళ్ళ వెక్కిరింతకు జవాబు చెప్పే రోజు వచ్చింది.

ముందురోజు మధ్యాహ్నం గేటు రెండు రెక్కలూ తెరిచి గోపయ్య కారు కదిలించాడు. ముందు చక్రాలు గేటు ముందున్న సిమెంటు గట్టెక్కాయి. ఆపైన కర్రుమని చప్పుడైంది. నడుము గట్టు మీద కూచుని, వెనక చక్రాలు వాకిట్లో గిర్రున తిరిగి, పొడుగాటి బండి వెల్లకిలా పడ్డ తాబేలైంది.

ఇన్నేళ్ళలో వీధి ఎత్తు పెరిగిందని అందరికీ తెలుసు. మురుగునీళ్ళ మోరీ పైపులు వేసినప్పుడు కొంత, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సిమెంటు పోసినప్పుడు ఇంకొంత. అది చాలదన్నట్టు, సిమెంటు పోసిన రోజు గోపయ్యే కూలీలకు చాయ్ తాగించి, వాననీళ్ళు ఇంట్లోకి రాకుండా గేటు ముందు జానెడెత్తు గట్టు అదనంగా పోయించుకున్నాడు. ఆ ఏటి నుంచే వానాకాలం వంటింట్లో నీళ్ళెత్తిపోసే బాధ ఈరమ్మకు తప్పింది. గట్టు పోయించిన మనిషే కారు చేస్తున్నాడు, అయినా ఈ రెంటినీ కలిపి ఆలోచించలేదు.

చూడొచ్చిన పదిమందీ పట్టి కారును వెనక్కి దించారు. ఎవరో కిసుక్కున నవ్వారు. "క్రేను పిలుస్త మామా" అన్నాడు నాగేందర్.

"వద్దు. క్రేను మీద పోతే అది బండి గాదు, సామాను" అన్నాడు గోపయ్య. గట్టు వంక చూశాడు, వంటింటి వంక చూశాడు, అరుగు మీద కూలబడ్డాడు.

ఆ రెండు చూపులూ ఈరమ్మ కనిపెట్టింది. గట్టు పగలగొట్టి, వాకిట్లో వాలుగా మట్టి పోస్తే బండి ఎక్కుతుంది. కానీ రేపో మాపో వచ్చే వాన నేరుగా వంటింట్లోకే దిగుతుంది. అందుకే మొగుడు గట్టు జోలికి పోవటం లేదు. ఆమె కొట్టంలోకి పోయి గడ్డపార తెచ్చి గట్టు మీద ఒక్క పోటు పొడిచింది.

"ఏయ్, ఏంజేస్తున్నవే? వానకు ఆగమైతవ్!"

"నీళ్ళొస్తే ఎత్తిపోస్త. ఎత్తిపోసిన చేతులే గద. గా నవ్వు మాత్రం ఇంకొక్కపారి ఇననీకె నాతోని గాదు. నువ్వు లే, ఇది గట్టిగుంది."

"నువ్వే గట్టిగ పొయ్యమన్నవంట గద మామా!" అని నాగేందర్ నవ్వుతూనే ఆమె చేతిలోంచి గడ్డపార అందుకున్నాడు.

గోల విని పక్కింటి అన్నపూర్ణమ్మ బయటికొచ్చింది. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. రాష్ట్రం విడిపోతున్న ఆ నెలల్లో వాళ్ళింటి తలుపు ఎక్కువగా మూసే ఉండేది. "వదినా, మా పాతగోడ పడగొట్టిన రాళ్ళూ మట్టీ పెరట్లో ఉన్నాయి. పనికొస్తాయేమో చూడండి" అంది.

"పనికొస్తయా అంటవేంది వదినా? తట్ట అందుకో!" అంది ఈరమ్మ.

పొద్దుగూకేసరికి గట్టు పోయింది. వాకిలి వాలు తిరిగింది. ఆ మట్టిని తొక్కి తొక్కి గట్టిపరిచిన వాళ్ళలో మధ్యాహ్నం నవ్విన మనిషీ ఉన్నాడు.

తెల్లారి గోపయ్య స్టీరింగు పట్టుకున్నాడు. ఈసారి ఏమీ గీసుకోలేదు. ముక్కు లేచింది, నడుము దాటింది, వెనక చక్రాలు కూడా రోడ్డెక్కాయి. ఈలలు, గులాల్, డప్పులు. మొగిలయ్యను వెనక సీట్లో కూచోబెట్టారు. గోపయ్య ముందు తలుపు తీసి ఈరమ్మను రమ్మన్నాడు. ఆమె సిగ్గుపడుతూ అన్నపూర్ణమ్మ చెయ్యి పట్టి లాగి మొగిలయ్య పక్కన కూచోబెట్టి, తాను ముందు ఎక్కింది.

నాచారం మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. ఆపింది రూలు కోసం కాదు, చూడటానికే. బానెట్టు మీద చెయ్యేసి నిమిరి, "ఎవలదన్నా ఈ బండి? ఏ నవాబుది?" అన్నాడు.

ఈరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మాదే. పాత ఊళ్ళ ఉంటం. బండి ఈన జేసిండు, సీట్లు నేను కుట్టిన. జర చెయ్యి తియ్యి బిడ్డా, మరకలైతయ్."