మేకుకు తగిలించిన బూటు

ఆళ్లగడ్డలో కాలు బెణికితే అందరూ మత్తయి దగ్గరికే పోయేవారు. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి కట్టు కట్టేవాడు. ఆటగాడైతే మాత్రం దెబ్బ తగిలిన కాలి బూటు తన దగ్గరే పెట్టుకుని, వాపు పూర్తిగా దిగాకే ఇచ్చేవాడు. వైద్యంలో సగం అదే అనేవాడు.

1979లో నంద్యాల ఫుట్‌బాల్ జట్టులో ఆడే జయరాజు చీలమండకు కట్టు కట్టించుకుని, వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

"నా బూటియ్యన్నా. పోటీలు దగ్గరపడుతుండాయి. ప్రాక్టీసుకు పోకుంటే జట్టులోంచి తీసేస్తారు."

"కుంటుతాండావ్ గదప్పా."

"ఓర్చుకుంటాలే."

 మత్తయి మంచం కింద వరసగా ఉన్న బూట్లలోంచి జయరాజుది తీసి ముందు పెట్టాడు. గోడకున్న మేకుకు పాత బూటు ఒకటి వేలాడుతోంది.

"అదెవరిదన్నా?"

"నాదే. నేనూ పోటీలకు ముందు ఓర్చుకోని ఆడితి. ఇరవై ఏండ్లాయ, ఆ కాలు మళ్లా దాంట్లో దూరలే."

మత్తయి కుంటుకుంటూ పోయి సుత్తి తెచ్చాడు. పాత బూటు పక్కనే ఇంకో మేకు కొట్టసాగాడు.

"ఇదెందుకన్నా?"

"నీ బూటుకు."

 జయరాజు వంగి, తన బూటును మళ్లీ మంచం కిందికి తోశాడు.